ఫోనులో మూడో మెట్టు

నేను చిన్నప్పుడు రాయడం నేర్చుకోకపోవడానికి మా ఊళ్లో బడి లేకపోవడం కారణం కాదు. బడి ఉంది. పంతులుగారు రోజూ వచ్చేవారు. కాకపోతే బడి గంట కొట్టే వేళా, పడవలు ఒడ్డుకు చేరే వేళా ఒకటే అయింది. గంట మోగేసరికి నా నెత్తి మీద తట్ట ఉండేది, తట్టలోంచి నీళ్లు మెడ మీదికి కారుతూ ఉండేవి. పంతులుగారు రెండుసార్లు మా ఇంటికి వచ్చారు.

"పిల్ల చురుకైనదమ్మా, పంపండి," అన్నారు.

"పడవలు మధ్యాహ్నం వచ్చేలా చూడండి బాబూ, రేపే పంపుతాను," అంది మా అమ్మ.

ఆయన నవ్వి, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయారు. మూడోసారి రాలేదు. తప్పు ఆయనది కాదు, మా అమ్మది కూడా కాదు. చేప ఎండలో ఒక గంట ఉంటే పాడైపోతుంది, అక్షరం అలా పాడవదు కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాం. ఆ తర్వాత అనేది వచ్చేసరికి నాకు నలభై దాటాయి. అక్షరాలు గుర్తుపట్టి, వాక్యం కూర్చి, నా మాట నేను కాగితం మీద పెట్టేసరికి యాభై దాటాయి. మొదటి అక్షరం నాకు పుస్తకంలో దొరకలేదు. ఫోనులో దొరికింది. ఆ సంగతి రాద్దామనే ఇప్పుడు కూర్చున్నాను.

మాది ఉప్పాడ. మా ఆయన, ఆయన అన్నగారు, ఇద్దరూ వేటకు వెళ్లేవారు. ఇద్దరికీ చెరొక ఫైబరు బోటు ఉండేది. పెళ్లయిన కొత్తలో వాళ్లు సముద్రం మీదికి వెళ్తే తిరిగి వచ్చేదాకా కబురనేది లేదు. ఒడ్డున నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడడమే. దూరాన చుక్కలా కనిపించే పడవ ఎవరిదో, అది నీళ్ల మీద కూర్చున్న తీరుని బట్టి మా ఆడవాళ్లం చెప్పేసేవాళ్లం. ముక్కు కాస్త పైకెత్తి వస్తే మా ఇంటిది. కనిపించనంతసేపూ మాత్రం ఏమీ తెలిసేది కాదు. అన్నం వండుకుని, ఎవరూ తినకుండా ఆ గిన్నె చుట్టూ కూర్చునేవాళ్లం.

మా వీధికి మొట్టమొదట వచ్చిన సెల్లుఫోను మస్కట్ నుంచి వచ్చింది. అక్కడ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఒకావిడ సెలవుకి వస్తూ తెచ్చుకుంది. అప్పటికి మా వైపు టవరు లేదు. అందుకని ఆ ఫోను మాట్లాడలేదు. వీధంతా వెళ్లి చూసి వచ్చాం. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని "ఇలా మాట్లాడతారు" అని చూపించింది. ఒక ముసలాయన చాలాసేపు చూసి, "బాగానే ఉంది గానీ అమ్మాయ్, అవతల ఎవరూ లేనప్పుడు నేను ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడుకుంటాను," అన్నాడు.

తర్వాత రెండు మూడేళ్లలోనే ఎంత మారిందో చెప్పలేను. టవరు ముందు కాకినాడ దాకా వచ్చింది, తర్వాత పిఠాపురం, తర్వాత మాకు. ఒక కంపెనీ తర్వాత ఇంకో కంపెనీ వచ్చింది. వాళ్లు ఊళ్లోకి వస్తూనే గోడలు అడిగేవారు. గోడకి ఉచితంగా రంగు వేస్తామంటే ఎవరు కాదంటారు? మా ఇంటి గోడకి ఊదా రంగు కంపెనీ వాళ్లు వేశారు. ఒడ్డున ఉన్న ఒక ఇంటికి ఆకుపచ్చ కంపెనీ వాళ్లు వేశారు. ఆ ఇంటిని ఆ వర్షాకాలంలోనే సముద్రం తీసుకుపోయింది. గోడ పడిపోయి, ఆకుపచ్చ పెచ్చులు కొన్నాళ్లు ఒడ్డునే దొర్లాయి. పేర్లు నేను చదవలేను కనుక నాకు కంపెనీలంటే రంగులే. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

మా ఫోన్లు, ఇంట్లోదీ బోటులోదీ, ఊదా కంపెనీవి. మా తోటికోడలు వాళ్లవి ఆకుపచ్చవి. ఇది మేం కావాలని ఎంచుకున్నది కాదు, చెరొక దుకాణంలో చెరొకటి దొరికింది. కానీ మగవాళ్లు వేటకు తీసుకెళ్లడం మొదలుపెట్టాక ఒక సంగతి బయటపడింది. ఊదా టవరు కాకినాడ వైపు, అంటే దక్షిణానికి, బాగా లోపలిదాకా అందుతుంది. ఆకుపచ్చది ఉత్తరానికి అందుతుంది. వేట ఎటు దొరికితే అటు పోతారు కాబట్టి ఒక్క కంపెనీని నమ్ముకుంటే సగం రోజులు కబురు ఉండదు. బోట్ల వాళ్లంతా రామాలయం దగ్గర కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఏ బోటూ ఒంటరిగా పోకూడదు. ఒక ఊదా బోటు, ఒక ఆకుపచ్చ బోటు జతగా పోవాలి. ఎవరికి సిగ్నలు అందితే వాళ్లు రెండో బోటు కబురు కూడా చెప్పాలి. ఒడ్డున ఆడవాళ్లు కూడా అంతే, ఎవరి ఫోనుకి కబురు వచ్చినా జత ఇంటికి చెప్పాలి. కంపెనీల వాళ్లు టీవీలో ఒకరి మీద ఒకరు పోటీ పడుతుంటే, వాళ్ల ఫోన్లని మా వాళ్లు ఇలా కలిపి కట్టేశారు.

మా ఆయనకి జత సహజంగానే వాళ్ల అన్నగారు. సముద్రం మీద ఆ ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది ఒడ్డున వచ్చింది. ఎందుకంటే నేనూ, మా తోటికోడలూ సరిగ్గా ఆ రోజుల్లోనే మాట్లాడుకోవడం మానేశాం.

ఆవిణ్ణి అక్కా అనే పిలిచేదాన్ని. అయిదో తరగతి దాకా చదువుకుంది. నోరు కూడా అంతకు తగ్గట్టే ఉండేది. మా పాత ఇల్లు సముద్రంలోకి పోయినప్పుడు లోపలికి జరిగి రెండిళ్లు పక్కపక్కనే కట్టుకున్నాం. రోడ్డు వైపు జాగా వాళ్లకి వచ్చింది, సముద్రం వైపు జాగా మాకు వచ్చింది. నేను మొహం మాడ్చుకుని ఉంటే ఆవిడ అంది:

"ఎందుకే అంత బాధ? నీ ఇంటికి చేపలు నడిచొస్తాయి. తట్ట మొయ్యక్కర్లేదు."

నేనూ ఊరుకోలేదు. "నీ నోరు ఇటు పక్కకి పెట్టక్కా. సముద్రం భయపడి వెనక్కి పోతుంది," అన్నాను.

నలుగురూ నవ్వారు. అదే ముప్పు తెచ్చింది. ఇద్దరమే ఉన్నప్పుడు అని ఉంటే మర్నాటికి మర్చిపోయేవాళ్లం.

ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. కట్టుబాటు మాత్రం ఉంది కదా. ఆకుపచ్చ ఫోనుకి కబురు వస్తే అక్క నాకు చెప్పాలి. చెప్పేది. నాతో కాదు, ఆవిడ నల్లకోడితో. రెండిళ్ల మధ్య నడుము ఎత్తు గోడ ఉంది. గోడకి అటు నిలబడి కోడికి నూకలు వేస్తూ గొంతు పెంచేది.

"ఏమే కోడీ, బోట్లు రెండూ కోనపాపపేట దగ్గరున్నాయంట. పదింటికల్లా వస్తాయంట. ఐసు తెచ్చి పెట్టుకోమని చెప్పే వాళ్లుంటే చెప్పు."

నేను వినపడనట్టే ఉండి, మరు నిమిషంలో ఐసుకి బయల్దేరేదాన్ని. నా ఫోనుకి కబురు వచ్చినప్పుడు నాకు కోడి లేదు, మేక ఉంది. మేకతో చెప్పేదాన్ని. రెండేళ్లు ఆ కోడీ, మేకా మా రెండు కుటుంబాల మధ్య ఎక్స్ఛేంజి నడిపాయి.

ఇక నా ఫోను సంగతి. అది తెలుగు అక్షరాలు చూపించే ఫోను. కాకినాడలో కొన్నప్పుడు దుకాణం వాళ్లే పేర్లు ఎక్కించి ఇచ్చారు. అది తెలుగులో ఉంటే నాకేంటి, ఇంగ్లీషులో ఉంటే నాకేంటి? నేను మెట్లు లెక్కపెట్టుకున్నాను. బొత్తం ఒకసారి నొక్కి పేర్ల పట్టీ తెరిస్తే మొదటి మెట్టు మా అమ్మ వాళ్లు. కింది బాణం ఒకసారి నొక్కితే రెండో మెట్టు, ఐసు ఫ్యాక్టరీ. ఇంకోసారి నొక్కితే మూడో మెట్టు, మా బోటు. నాలుగోది వలలు బాగుచేసే ఆయన. అంతే, ఇంక ఎవరూ లేరు. మూడో మెట్టు అంటే మా ఆయన. కళ్లు మూసుకుని కూడా చెయ్యగలిగేదాన్ని. పదంకెల నంబరు నోటికి రాలేదు, రావాల్సిన పని కూడా పడలేదు.

అది కార్తీకం వెళ్లిన కొత్త. ఒక రోజు తెల్లవారకముందే బోట్లు వెళ్లిపోయాయి. ఏడింటికి రేడియోలో చెప్పారు, వాయుగుండం బలపడిందని, తీరానికి దగ్గరగా వస్తోందని, ఎవరూ వేటకు వెళ్లకూడదని. వెళ్లిపోయిన వాళ్లని ఏం చెయ్యాలో రేడియోలో చెప్పరు. ఊళ్లో అందరి ఇళ్లలోనూ ఫోన్లు అందుకున్నారు. తొమ్మిదింటి నుంచి బోట్లు ఒక్కొక్కటిగా తిరిగి రావడం మొదలైంది. మగవాళ్లంతా వాటిని పైకి, ఇళ్ల సందుల దాకా లాగుతున్నారు.

నేను రేడియో విన్న వెంటనే మూడో మెట్టు నొక్కాను. "మీరు డయల్ చేసిన నంబరు స్విచ్చాఫ్ చేయబడి ఉంది," అంది ఆ కంపెనీ అమ్మాయి. మా ఆయన ఫోనుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అన్నం క్యారేజీ పై గిన్నెలో పెట్టుకుంటాడు. ఆపేసే అలవాటు లేదు. పది నిమిషాలాగి మళ్లీ నొక్కాను. అదే మాట, అదే గొంతు. ఆ అమ్మాయి ఎప్పుడూ ఒకే తీరులో చెబుతుంది. తొందర ఉండదు, జాలి ఉండదు.

పదింటికి ఆకాశం చేప పొట్టలా తెల్లగా మారింది. గాలి లేదు. గాలి లేకపోవడం చూసే నాకు భయం వేసింది. పన్నెండో సారో, పదిహేనో సారో నొక్కాను. స్విచ్చాఫ్. ఫోను నీళ్లలో పడిందనుకున్నాను. ఫోను ఎలా పడుతుంది, క్యారేజీ పడితే కదా? క్యారేజీ ఎలా పడుతుంది? ఆ పై ఆలోచన రాకుండా మేకకి ఆకు వేశాను. అది తినలేదు.

గోడకి అటు అక్క అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడ చేతిలోనూ ఫోను ఉంది. కోడితో ఏమీ చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. కబురు తెలిసి కూడా చెప్పడం లేదేమో అని ఒక నిమిషం అనుకున్నాను. ఇప్పుడు అది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్న మాట నిజం.

పదకొండు దాటింది. ఊరి బోట్లన్నీ వచ్చేశాయి. రాని జత ఒక్కటే, మాది.

అప్పుడు అక్క లేచి కోడి దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఏమే కోడీ, మా ఫోను కవరేజీలో లేదంటుంది. దక్షిణానికి పోయినట్టున్నారు. అవతలి ఫోను ఏమంటుందో కనుక్కో."

నేను మేక వైపు తిరిగాను. "స్విచ్చాఫ్ అంటుందని చెప్పు. పొద్దుట్నుంచీ అదే."

"స్విచ్చాఫ్ ఎందుకుంటుంది? మరిది ఫోను ఆపడు కదా, కోడీ?"

"ఆపడనే నేనూ అంటున్నాను, మేకా..."

కోడి నూకల కోసం ఆవిడ కాళ్ల చుట్టూ తిరుగుతోంది. అక్క దాన్ని కాలితో పక్కకి నెట్టి, గోడ చుట్టూ తిరిగి రావడానికి కూడా ఓపిక లేక, చీర ఎగ్గట్టి గోడ మీంచి దిగింది. ఆవిడ వయసుకి అది చిన్న పని కాదు.

"ఇటివ్వవే ఆ ఫోను."

ఇచ్చాను. రెండేళ్ల తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అదే.

"ఎవరికి చేస్తున్నావ్ నువ్వు?"

"మా ఆయనకే."

"ఎలా చేశావ్? చేసి చూపించు."

పట్టీ తెరిచి, కింది బాణం రెండుసార్లు నొక్కి, పచ్చ బొత్తం నొక్కాను. ఆవిడ వెంటనే కట్ చేసేసింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇది ఐసు ఫ్యాక్టరీ వాడి నంబరే! తుపానని వాడు ఫోను ఆపుకుని పడుకున్నాడు. పొద్దుట్నుంచీ ఐసు వాడికి చేస్తున్నావా?"

"కాదక్కా, మూడో మెట్టు మా బోటు. ఎప్పుడూ అదే."

"ఎప్పుడూ అదేమో. ఇప్పుడు ఐసు మూడోది. బోటు నాలుగోది. ఎవరో పైన కొత్త పేరు పెట్టారు, అన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి."

"ఎవరు పెడతారు? నా ఫోను ఎవరూ ముట్టుకోరు. ఎవరి పేరు?"

ఆవిడ పట్టీ పైకి జరిపి చూసింది. నేను మళ్లీ అడిగాను. "ఎవరిదక్కా?"

"అక్క అని ఉంది," అంది. "నంబరు నాదే."

ఆ మాట గురించి ఆలోచించే వ్యవధి మాకు లేదు. ఆవిడ నాలుగో మెట్టుకి దిగి పచ్చ బొత్తం నొక్కింది. మోగింది! నేను గోడ మీద కూర్చున్నాను. మోగి మోగి ఆగిపోయింది, ఎవరూ ఎత్తలేదు. ఇంజను చప్పుడులో క్యారేజీ గిన్నెలో ఉన్న ఫోను ఏం వినపడుతుంది? అక్క మళ్లీ నొక్కింది. మూడోసారికి ఎత్తాడు. ఆవిడ ఫోను నా చెవి దగ్గర పెట్టి, తనూ చెవి ఆనించింది.

"ఏంటీ?" అని అరిచాడు మా ఆయన.

"గాలి వస్తోందంట! అందరూ వచ్చేశారు! మీరు వచ్చేయండి!"

"ఇప్పుడే వల దింపాం. లాగేసి..."

అక్క ఫోను లాక్కుంది. "ఏమయ్యా, లాగడాలూ లేవు, గీగడాలూ లేవు. వల కోసేసి రండి. మీ అన్నకి చెయ్యి ఊపి చెప్పు. ఆయన ఫోను అందడం లేదు."

"వదినా? నువ్వేంటి ఈ ఫోనులో?"

"ఆ సంగతి ఒడ్డుకొచ్చాక అడుగు. ముందు తిప్పు బోటు."

"ఉప్పాడకి రాలేం వదినా, కెరటం లేస్తోంది. కాకినాడ రేవులోకి పోతాం." అంతే, ఫోను తెగిపోయింది.

మేమిద్దరం అక్కడే, మా గుమ్మంలో కూర్చున్నాం. వంట చెయ్యలేదు. అక్క చేతిలో రెండు ఫోన్లూ పట్టుకుని ఉంది.

"మరిది నంబరు నా దగ్గర కూడా ఉండేదే," అంది. "గొడవైన రోజు తీసేశాను. ఉండి ఉంటే ఏడింటికే నేనే చేసేదాన్ని. నాలుగు గంటలు పోయింది."

ఆవిడ తీసేసింది, నాకు చదవడం రాదు. ఇద్దరం కలిసి నాలుగు గంటలు పాడు చేశాం.

ఒంటిగంటకి గాలి మొదలైంది. ఇసుక లేచి కళ్లలో కొట్టింది. తలుపులు వేసుకుని లోపల కూర్చున్నాం. రెండింటికి కరెంటు పోయింది. దాంతో పాటు మా ఊదా టవరు కూడా ఆగిపోయింది. నా ఫోనులో నిలబడి ఉండే గీతలన్నీ పోయాయి. "నీది చచ్చింది," అంది అక్క. తన ఫోను చూసుకుంది. ఆకుపచ్చ టవరు ఊరికి అటు చివర ఉంది, దానికి జనరేటరు ఉన్నట్టుంది. రెండు గీతలున్నాయి. ఆ రెండు గీతల వంక ఇద్దరం దీపం వంక చూసినట్టు చూస్తూ కూర్చున్నాం. పొద్దున నా ఫోను లేకపోతే మాకు దారి లేదు. ఇప్పుడు ఆవిడ ఫోను లేకపోతే లేదు.

నాలుగు కావస్తుండగా అది మోగింది. బావగారి బోటు ఫోను. రేవులోకి వచ్చేశారు కాబట్టి అక్కడ దానికి సిగ్నలు అందింది. అక్క వింటూ తల ఊపింది. అవతల వాళ్లకి తల ఊపితే ఏం కనిపిస్తుంది? తర్వాత ఫోను నా చేతిలో పెట్టింది. బావగారు ఎప్పుడూ నాతో నేరుగా మాట్లాడరు. ఆ రోజు మాత్రం అన్నారు, "ఇద్దరం లోపలికి వచ్చేశామమ్మా. వాడు పక్కనే ఉన్నాడు. సగం వల పోయింది, అంతే. అన్నం తినండి."

నేను ఫోను పెట్టేసి, వానలోనే బయటికి వెళ్లి మేకని లోపలికి తెచ్చి కట్టేశాను. ఎందుకు అప్పుడే తెచ్చానో నాకే తెలియదు. పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి ఎక్కడో ఒకచోట వదలాలి కదా. అక్క తన ఇంట్లోంచి నల్లకోడిని తెచ్చింది. చారు కాచి అన్నం వండాను. మేకా, కోడీ ఒక మూల, మేమిద్దరం ఇంకో మూల. తింటూ తింటూ అక్క ఒక్కసారి నవ్వింది. "ఐసు వాడు రేపు ఫోను ఆన్ చేసుకుంటే, నువ్వు ఇరవై సార్లు చేసినట్టు మెసేజీ వస్తుంది. వాడి పెళ్లాం ఏమంటుందో!" నాకు అన్నం పొలమారింది. అంతగా నవ్వి ఎన్నాళ్లయిందో.

దీపాలు పెట్టేవేళకి వాన తగ్గాక అన్నదమ్ములిద్దరూ కాకినాడ నుంచి ఎవరి లారీలోనో ఎక్కి వచ్చారు. బట్టలు ఆరబెట్టుకుంటుంటే మా ఆయన్ని అడిగాను, ఫోనులో అక్క పేరు ఎవరు పెట్టారని.

"నేనే. నిన్న సాయంత్రం రీచార్జికి తీసుకెళ్లినప్పుడు దుకాణంలో పెట్టించాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తీయించేస్తావని. ఎప్పుడైనా మా ఫోను అందకపోతే వదినకి చేస్తావు కదా అనుకున్నాను. అన్నిటికన్నా పైన ఉంటుంది, నీకు తేలిగ్గా దొరుకుతుందని..." అని ఆగాడు. పైన పెడితే కిందివి జరుగుతాయని అతనికి తట్టలేదు. అతను చదువుకున్నవాడే, పట్టీ చూస్తే పేర్లు చదువుకుంటాడు. నేను మెట్లు లెక్కపెడతానని అతనికి తెలియదు. ఇరవయ్యేళ్లు కాపురం చేశాం గానీ, ఆ ముక్క నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పుకోవడం చిన్నతనం అనిపించేది.

నాకు కోపం రాలేదు. మంచికే చేశాడు. అతను చేసిన మంచి పని వల్ల అతనే మునిగిపోయేవాడు, అంతే. నేను ఒక్క అక్షరం గుర్తుపట్టగలిగి ఉంటే ఏడింటికే చూసేదాన్ని.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లకి ఊదా కంపెనీ వాళ్లు తమ టవరు విప్పేసి, తమ సామాను కూడా తెచ్చి ఆకుపచ్చ టవరు మీదే తగిలించుకున్నారు. ఒకే ఇనుప కంబానికి రెండు కంపెనీల డబ్బాలు. ఒకే జనరేటరు. ఖర్చు కలిసివస్తుందని అలా చేస్తున్నారని, దేశమంతా అలాగే జరుగుతోందని దుకాణం ఆయన చెప్పాడు. అప్పటి నుంచి మా బోట్లకి జత కట్టాల్సిన అవసరం అంతగా లేకపోయింది, అయినా అన్నదమ్ములు జతగానే వెళ్లేవారు. అక్క ఆ టవరు చూసినప్పుడల్లా, "మనకన్నా ఆలస్యంగా కలిశార్లే," అనేది.

అక్షరాలన్నీ నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మధ్యలో మానేశాను, మళ్లీ మొదలుపెట్టాను, ఒత్తుల దగ్గర ఏడ్చాను. సాయంత్రాలు ఆడవాళ్లకి చదువు చెప్పే చోటికి వెళ్లాను. అక్కడి పంతులమ్మ నా కూతురి వయసుది. అదంతా తర్వాతి సంగతి. మొదలు మాత్రం ఆ మర్నాడే.

మర్నాడు పొద్దున ఎండ కాసింది. సముద్రం ఇంకా మురికిగానే ఉంది గానీ గాలి పోయింది. నేను లేచి, ఇంట్లో పడి ఉన్న సుద్దముక్క ఒకటి వెతికి తీసుకుని, ఫోను పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాను. అక్క అటు పక్క కోడికి నూకలు వేస్తోంది.

"అక్కా," అన్నాను. కోడిని కాదు, ఆవిణ్ణే చూస్తూ.

"ఏంటే?"

"ఇందులో పేర్లు ఎలా రాస్తారో నేర్పు."

ఆవిడ చేతులు దులుపుకుంది. "బోటు ముందు నేర్చుకో. అదే కదా నీకు కావాల్సింది."

"కాదు, పట్టీ పైనుంచే వద్దాం."

ఆవిడ ఇటు వచ్చి, నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, మా ఇంటి గోడ మీద, ఊదా రంగు మీద, పెద్దగా ఒక అక్షరం రాసింది. సుద్ద తిరిగి నా చేతికిచ్చింది. నేను దాని కింద అలాంటిదే గీశాను. బాగా రాలేదు. చీర కొంగుతో తుడిచి మళ్లీ గీశాను.